పొద్దున స్విచ్ వేసిన కూర రాత్రికి చద్దేనా?

డాలస్ పక్కన ఉంటున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయొద్దన్నారు.

భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. వారంలో నాలుగు రోజులు ఆఫీసుకి వెళ్లాల్సిందే. పొద్దున ఎనిమిదింటికి బయటపడితే ఆమె ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర. ఏడు దాటిందంటే తొమ్మిదేళ్ల బాబు ఆకలని గోల పెడతాడు. మార్చిలో తెనాలి వైపు నుంచి అత్తగారు వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, స్టవ్ ముందు ఎక్కువసేపు నిలబడలేరు. ఆవిడ చేత వండించడం ఇష్టం లేక, ఆఫీసులో ఎవరో చెబితే ఈమె ఒక స్లో కుకర్, అంటే సన్న వేడి మీద గంటల తరబడి వండే కరెంటు పాత్ర, కొన్నారు. పొద్దున అన్నీ వేసి స్విచ్ వేస్తే సాయంత్రానికి కూర సిద్ధం అనుకున్నారు.

అలా జరగలేదు. పప్పుచారు చేస్తే పప్పు పలుకుగానే ఉండిపోయింది. చికెన్ చేస్తే ముక్కలు పీచుపీచుగా విడిపోయి, చుట్టూ నీళ్లు తేలాయి. అత్తగారేమో "పొద్దున వండింది రాత్రి తినడమేంటమ్మా, చద్దే కదా" అంటారు. అయినా దాన్ని పూర్తిగా వదిలేయరు. అడుగంటుతుందేమోనని గంటకోసారి మూత తీసి కలుపుతారు. పదింటికి పక్కింటావిడతో వాకింగ్‌కి వెళ్తూ, ఖాళీ ఇంట్లో కరెంటు సామాను నడవకూడదని ప్లగ్ పీకేస్తారు. పదకొండున్నరకి తిరిగొచ్చి మళ్లీ పెడతారు. ఇక చివరి దెబ్బ రాజ్మా. రాత్రంతా నానబెట్టిన గింజలే వేశారు, కూర చూడ్డానికి బాగానే వచ్చింది, కాకపోతే గింజ కాస్త గట్టిగా ఉంది. తిన్న రెండు గంటలకి ఇంటిల్లిపాదికీ వాంతులు. తెల్లారేసరికి తగ్గిపోయాయి. కానీ అత్తగారు "నే చెప్పానా" అన్నారు, భర్త "పారేయ్ దాన్ని, అమ్మే ఏదో ఒకటి చేస్తుందిలే" అన్నారు.

ఉత్తరంలో చివరి వాక్యం ఇది: "గరాజ్‌లో పడేస్తే నేను ఓడిపోయినట్టు ఉంటుంది, వంటింట్లో ఉంచితే రోజూ టెన్షన్. ఏం చేయమంటారు?"

సమాధానం

ముందు రాజ్మా సంగతి తేల్చేద్దాం. మీ ఇంట్లో గొడవంతా ఆ రాత్రి నుంచే గట్టిపడింది కాబట్టి.

ఆ పూట కూర చద్దిదై ఉండాల్సిన పనిలేదు, కుకర్ చెడిపోయినదీ కానక్కర్లేదు. ఎర్ర రాజ్మా గింజల్లో లెక్టిన్ అనే ప్రొటీన్ల జాతికి చెందిన ఒక విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వికారం, వాంతులు మొదలవుతాయి. కొన్ని గంటల్లో వాటంతటవే తగ్గుతాయి. మీరు రాసిన టైము, లక్షణాలు దానికి సరిగ్గా సరిపోతున్నాయి. కుండ నీళ్లు తెర్లుతూ మరిగితేనే ఈ పదార్థం చస్తుంది. స్లో కుకర్‌లో గింజలు చాలాసేపు మరిగే వేడికి దిగువనే ఉండిపోతాయి. 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉడికిన గింజలు పచ్చి గింజల కన్నా ఐదు రెట్ల దాకా ప్రమాదకరం కావచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థే హెచ్చరించింది. అంటే మీరు ఓపిగ్గా, సన్న సెగ మీద, ఉన్న హానిని పెంచారన్నమాట. ఆ పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఇది మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో ఉండాలని నా అభిప్రాయం.

ఇకమీద రాజ్మా చేయాలనుకుంటే కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో స్టవ్ మీద అరగంట తెర్లనిచ్చి, అప్పుడు స్లో కుకర్‌లో వేయండి. లేదా డబ్బాలో ఉడికించి అమ్మేవి వాడండి, అవి ముందే ఉడికినవి. ఇంకా తేలిక దారి, రాజ్మాని ప్రెజర్ కుకర్‌కి వదిలేయడం. కందిపప్పుకీ పెసరపప్పుకీ ఈ భయం పెట్టుకోనక్కర్లేదు.

ఈ మాట అత్తగారికి మీరే చెప్పాలి, మీ వారి ద్వారా కాదు. "అత్తయ్యా, ఆ గింజలు ముందు మరగబెట్టాలని నాకు తెలియలేదు, మీ అందరికీ ఇబ్బంది అయింది" అనండి చాలు. వాదన గెలవాలన్న తొందరలో ఈ ఒక్క ముక్క మీరు ఇంతవరకూ అనలేదని ఉత్తరం చదివితే తెలుస్తోంది.

ఇప్పుడు చద్ది. ఇక్కడ మీకు నచ్చని సంగతి ఒకటి చెప్పాలి. సూత్రం ప్రకారం మీరు రైటు, మీ ఇంట్లో జరిగిన దాని ప్రకారం ఆవిడ రైటు. వండిన కూర 140 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 60 సెల్సియస్, దాటి వేడిగా ఉన్నంతసేపూ అందులో సూక్ష్మజీవులు పెరగవు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ వేడి మీదే ఉన్న కూర చద్దిది కాదు. చల్లారి, గిన్నెలో పడి ఉన్నది చద్దిది. కానీ మీరు ఎనిమిదింటికి ఫ్రిజ్‌లోంచి తీసిన చికెన్ వేసి వెళ్లారు. ఆ పింగాణీ పాత్ర వేడెక్కడానికే గంటలు పడుతుంది. పదింటికి, ముక్క ఇంకా గోరువెచ్చగా ఉన్నప్పుడు, ప్లగ్ ఊడింది. గంటన్నర అలా ఉండి మళ్లీ మొదలైంది. పచ్చి మాంసాన్ని ఉంచకూడని వేడిలో ఉంచడమంటే ఇదే. ఆవిడ భయంతో తీసిన ప్లగ్గే ఆవిడ భయాన్ని నిజం చేసింది. ఆ చికెన్ తిని ఎవరికీ ఏమీ కాకపోవడం అదృష్టం. ఈ రోజు నుంచి ప్లగ్ తీయడం, మళ్లీ పెట్టడం మాత్రం ఆగిపోవాలి. మిగతావన్నీ మీ ఇష్టాయిష్టాలు, ఇది కాదు.

మూత సంగతి కూడా అంతే. స్లో కుకర్‌లో వేడి పక్కల నుంచి మెల్లగా వస్తుంది, మూత కింద ఆవిరి నిలిచి కూర ఉడుకుతుంది. మూత ఎత్తిన ప్రతిసారీ ఆ ఆవిరి పోతుంది, మళ్లీ పుంజుకోవడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. గంటకోసారి కలిపితే ఎనిమిది గంటల వంట ఎప్పటికి పూర్తవుతుందో మీరే లెక్కేసుకోండి. అడుగు నుంచి మంట లేదు కాబట్టి అడుగంటడం అంత తేలిక కాదని ఆవిడకి చెప్పాలి. చెబితే నమ్మరు. ఒక శనివారం మీరిద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు మూత తీయకుండా వండి, చివర్లో గరిటె ఆవిడ చేతికివ్వండి.

పప్పు ఉడకకపోవడానికి మాత్రం అత్తగారు ఒక్కరే కారణం కాదు. చింతపండు రసం పొద్దున్నే పోసేశారు కదా? పులుపు తగిలాక పప్పు మెత్తబడదు. ఏ వంటింట్లోనైనా పప్పు ఉడికాకే పులుపు పోస్తారు, మంట పెద్దదైనా చిన్నదైనా అదే లెక్క. అసలు నన్నడిగితే కందిపప్పుకి స్లో కుకరే అనవసరం. ప్రెజర్ కుకర్ నాలుగు విజిల్స్‌లో చేసే పనికి దీన్ని రోజంతా కూర్చోబెట్టడం దేనికి? చికెన్ కథ వేరు. ఎముకల్లేని బ్రెస్ట్ ముక్కలు పదిన్నర గంటలు వేడి మీద ఉంటే పీచు కాక మరేమవుతాయి? చికెన్‌కి, అదీ ఎముకతో ఉన్న తొడ ముక్కలకి, ‘లో’ (తక్కువ వేడి) మీట మీద ఐదారు గంటలు చాలు. నీళ్లు తేలడానికి కారణం, ఇందులో ఆవిరి బయటికి పోదు. స్టవ్ మీద మూడు గ్లాసులు పోసే చోట ఇక్కడ ఒక్కటి చాలు.

మరి దీనికి ఏది తగినట్టు? గట్టి మాంసం. ఎముకతో ఉన్న మేక భుజం ముక్క, పాయా, ముదురు నాటుకోడి. ఈ ముక్కల్లో నరాలు, జిగురు ఎక్కువ. సన్న వేడి మీద గంటల తరబడి ఉంటే ఆ జిగురంతా కరిగి పులుసులోకి దిగుతుంది. హైదరాబాద్‌లో రంజాన్ నెలంతా హలీం భట్టీల మీద పది పన్నెండు గంటలు ఉడికేది అందుకే. ఉలవచారుకీ ఇది బాగానే పనికొస్తుంది, సగం వరకు. ఉలవలు మెత్తగా ఉడికి కట్టు దిగే పని ఇది చేస్తుంది. ఆ కట్టుని చిక్కగా మరగబెట్టే పని చేయలేదు, దానికి వెడల్పు గిన్నె, మూత లేని స్టవ్ కావాల్సిందే. వేపుళ్లు, బెండకాయ, ఆకుకూరలు, అన్నం దీని దగ్గరికి తీసుకెళ్లకండి.

అత్తగారి చిన్నప్పుడు ఇంట్లో పిడకల దాలిలో పాలు కాచేవారా అని ఒకసారి అడగండి. పొద్దున పెట్టిన పాలకుండ మధ్యాహ్నం దాకా దాలిలోనే ఉండేది, పైన ఎర్రటి మీగడ కట్టేది, ఆ పాలు చద్దివని ఎవరూ అనలేదు. ఇది కూడా కరెంటు దాలి అంటే ఆవిడకి మనకన్నా త్వరగా అర్థమవుతుంది. ఇంకా కథ కావాలంటే ఈ కుకర్ వెనకా ఒక అమ్మ ఉంది. చికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన దీనికి 1940లో పేటెంట్ తీసుకున్నారు. వాళ్లమ్మ లిథువేనియాలో పెరిగిన యూదు మహిళ. యూదుల వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు రోజు నిప్పు రాజేయకూడదు కాబట్టి, ముందురోజు సాయంత్రమే గింజలు, మాంసం వేసిన కుండల్ని ఊళ్లో రొట్టెల బట్టీలో పెట్టేసేవారని, ఆరిపోతున్న బట్టీ వేడికే మర్నాటికి కూర అయ్యేదని ఆమె చెప్పిన ముచ్చటే కొడుక్కి ఆలోచన. 1971లో ఇంకో కంపెనీ క్రాక్‌పాట్ అని పేరు పెట్టి అమ్మింది. అప్పట్లో అమెరికాలో ఆడవాళ్లు ఉద్యోగాలకి వెళ్లడం పెరుగుతోంది, సాయంత్రం ఆలస్యంగా ఇల్లు చేరి వండాల్సిన మీ ఇబ్బందే వాళ్లకీ ఉండేది. అందుకే వంటిళ్లలోకి చొచ్చుకుపోయింది.

ఇక మీరు చేయగలిగినవి చూద్దాం.

గరాజ్‌లో పెట్టేయడం ఒక దారి. ఇందులో ఓటమి ఏమీ లేదు. సెప్టెంబర్‌లో ఆవిడ వెళ్లాక బయటికి తీసుకోవచ్చు. కానీ అప్పటిదాకా రాత్రి వంట ఎవరిది? మీ వారు చెప్పినట్టు "అమ్మే ఏదో ఒకటి" అంటే, మోకాళ్ల నొప్పులున్న ఆవిడ రోజూ సాయంత్రం గంటసేపు స్టవ్ ముందు నిలబడతారు. మీరు వచ్చి, ఆవిడ నొప్పి చూసి, గిల్టీగా ఫీలవుతూ తింటారు. నెల తిరిగేసరికి ఆ మౌనం గొడవ కన్నా బరువవుతుంది.

రెండోది, కుకర్‌ని ఆవిడ చేతికే అప్పగించడం. నాకు ఇది కాస్త ఎక్కువ నచ్చింది, ఎందుకంటే ఆవిడ కోరేది అజమాయిషీ. గంటకోసారి మూత తీసే మనిషికి వంట మీద ఆసక్తి లేకపోవడం కాదు, తన పాత్ర ఏదో తేలకపోవడం. మాంసం, మసాలా ఫ్రిజ్‌లో వేరువేరు డబ్బాల్లో పెట్టి వెళ్లండి. ఆవిడ వాకింగ్ నుంచి వచ్చాక, పదకొండున్నరకి, హై మీద పెడతారు. నాలుగున్నర, ఐదుకల్లా ముక్క మెత్తబడుతుంది, అప్పుడు మీట వార్మ్ వైపు తిప్పుతారు. ఖాళీ ఇంట్లో కరెంటు నడిచే ప్రశ్నే ఉండదు, ప్లగ్ పీకే అవసరమూ ఉండదు. ఉప్పు, కారం, చివరి పోపు ఆవిడ ఇష్టం. పింగాణీ పాత్ర బరువు, దాన్ని ఆవిడ ఎత్తకుండా చూడండి, పొద్దునే దాని చోట దాన్ని పెట్టి వెళ్లండి. దీనికి ఖరీదు కూడా ఉంది. కూర ఆవిడ రుచిలో ఉంటుంది, మీ రుచిలో కాదు. బాబు "నానమ్మ కూరే బాగుంది" అంటాడు. అది వినగలరా లేదా అన్నది మీరే ఆలోచించుకోవాలి. పైగా ఆవిడ వెళ్లిపోయాక ఈ ఏర్పాటు పనికిరాదు, మళ్లీ మొదటికి.

మూడోది, మీరే నడపడం, కాకపోతే వారానికి రెండు రోజులే. అప్పుడు పొద్దున ఎనిమిదింటికే పెట్టాలి, ఖాళీ ఇంట్లో గంటన్నర నడుస్తుంది. ఆ భయానికి మీ జవాబు మాటల్లో ఉండకూడదు. ఎక్స్‌టెన్షన్ తీగ తీసేసి నేరుగా గోడ ప్లగ్‌కే పెట్టండి, కర్టెన్లకీ గోడకీ దూరంగా, చుట్టూ గాలి ఆడే చోట ఉంచండి. ఇది లాగే కరెంటు పాతకాలపు వంద వాట్ల బల్బులు రెండు మూడు వెలిగినంత. అవి ఆవిడకి చూపించండి. అయినా ఆవిడ మనసు ఒప్పుకోకపోతే ఈ దారి వదిలేయండి. ప్లగ్ తీయనని ఆవిడ మనస్ఫూర్తిగా అనని ఇంట్లో పచ్చి మాంసం పెట్టి ఆఫీసుకి వెళ్లడం మంచిది కాదు. టైమర్ ఉన్న రకం, గంటలు పూర్తవగానే దానంతటదే వార్మ్‌కి మారేది, కొంటే మీ పదిన్నర గంటల సమస్య తీరుతుంది. అయితే పచ్చి మాంసం వేసి మధ్యాహ్నం మొదలయ్యేలా టైమర్ పెట్టడం మాత్రం వద్దు. వేడి తగలకుండా గంటలు గంటలు బయట ఉన్నట్టే అది.

మీ టెక్సస్‌లో గాలివానలకి కరెంటు పోతుంటుంది కాబట్టి ఒక మాట. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు పోయి వచ్చిందని మైక్రోవేవ్ గడియారం మిణుకుమంటూ చెబితే, కూర ఎంత బాగున్నట్టు కనిపించినా పారేయండి. ఎవరైనా ఉంటే వెంటనే గ్యాస్ మీదకి మార్చుకోవచ్చు.

ఏ దారి పట్టినా మొదటి ప్రయత్నం గోంగూర మటన్‌తో చేయండి. తెనాలి మనిషి దగ్గర పేరు నిలబెట్టుకోవాలంటే సూపులాంటి అమెరికన్ వంటకాలతో పని జరగదు. ఎముకతో ఉన్న మేక భుజం రెండు పౌండ్లు. ముందురోజు రాత్రి ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయి నూనె తేలేదాకా ఉంచి, కారం, ధనియాల పొడి కలిపి దించండి. ఈ పదిహేను నిమిషాల పని ఎగ్గొడితే మిగతాదంతా వృథా. స్లో కుకర్‌లో ఏదీ వేగదు, పచ్చి ఉల్లిపాయ వేస్తే ఉడికిన ఉల్లిపాయే వస్తుంది. లవంగాలు, చెక్క మామూలుగా వేసే దాంట్లో సగం వేయండి, గంటలు గడిచేకొద్దీ వాటి ఘాటు ఎక్కువవుతుంది. మటన్ పూర్తిగా మంచు వీడి ఉండాలి, ఫ్రీజర్‌లోంచి నేరుగా వేయకూడదు. మర్నాడు మసాలా వేడి చేసి, ముక్కలు, ఒక గ్లాసు వేడినీళ్లు పోసి మూత పెట్టడమే. లో మీద ఎనిమిది గంటలు, హై మీద ఐదు. పాత్ర సగానికి పైగా నిండాలి, మూడొంతుల దాకా రాకూడదు.

గోంగూర పొద్దున వేయకండి, రంగూ రుచీ రెండూ చస్తాయి. సాయంత్రం బియ్యం రైస్ కుకర్‌లో పడేసి, పచ్చిమిర్చితో గోంగూర విడిగా మగ్గబెట్టి, వెడల్పు బాణలిలో కూరా గోంగూరా కలిపి పెద్ద మంట మీద దగ్గరపడేదాకా ఉంచండి. అన్నం అయ్యేలోపు ఇదీ అవుతుంది. మిగిలితే రెండు గంటల్లోపు చిన్న డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు దాన్ని స్టవ్ మీదో మైక్రోవేవ్‌లోనో వేడి చేయాలి, మళ్లీ స్లో కుకర్‌లో కాదు. వేడెక్కడానికి అది తీసుకునే టైములోనే కూర పాడవుతుంది.

మీ ఉత్తరంలో మీ వారు నోరు విప్పింది ఒక్కసారే, అదీ సలహా ఇవ్వడానికి. మీకు సుఖం ఇస్తుందని కొన్న ఈ యంత్రం నిజానికి పని తగ్గించలేదు, సాయంత్రం పనిని ముందురోజు రాత్రికి జరిపింది. ఆ రాత్రి పని ఎవరిదన్నది మీ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు, అది మీదే అని అందరూ అనుకున్నారు, మీతో సహా. అత్తగారితో చేసే సంభాషణ కన్నా ఇది ముందు జరగాలి. ఆయన్ని స్లో కుకర్ గురించి అభిప్రాయం అడగకండి, అది చెప్పడానికి ఆయన ఎప్పుడూ సిద్ధమే. మంగళ, గురువారాల రాత్రి తొమ్మిదింటికి ఉల్లిపాయలు తరిగి వేయించే పని ఆయనదని చెప్పండి. కొడుకు వేయించిన మసాలా అంటే అత్తగారు మొదటిరోజు నొచ్చుకోవచ్చు, "నాకు చెప్తే చేసేదాన్ని కదా" అనవచ్చు. ఆ మాటకి జవాబు మీరు ఇవ్వకండి, ఆయన్నే ఇవ్వనివ్వండి.